‘బిజుత్సు’ అనే మాట: జపాన్ కళల్లో సంప్రదాయ, ఆధునిక విభజన

జపాన్ కళల పరిచయ రచనలు సాధారణంగా రెండు భాగాలుగా సాగుతాయి. నోహ్, కబుకీ నాటకాలు, తేనీటి వేడుక, పుష్పవిన్యాసమైన ఇకెబానా, ఉకియో-ఎ ముద్రణ చిత్రాలు ఒకవైపు. సినిమా, మాంగా, నైరూప్య చిత్రకళ మరొకవైపు చేరతాయి. మొదటిది సంప్రదాయం, రెండవది ఆధునికం. రెండింటి నడుమ 1868 నాటి మేజీ పునరుద్ధరణ సరిహద్దుగా నిలుస్తుంది. బోధనకు ఈ అమరిక సౌకర్యంగానే ఉంటుంది. అయితే ఈ సరిహద్దును ఎవరు, ఏ అవసరం కోసం గీశారన్న ప్రశ్న మరుగున పడుతుంది. ఏ కళ ఎటువైపు చేరాలన్నది ఆ కళాస్వభావం కంటే మేజీ పాలకుల అవసరాలను బట్టే నిర్ణయమైందనడానికి లిపికళ చరిత్ర బలమైన సాక్ష్యం.

నేడు జపాన్‌లో దృశ్యకళను సూచించే ‘బిజుత్సు’ అనే మాట ప్రాచీనం కాదు. 1873లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో పాల్గొనడానికి, అక్కడి వస్తువర్గీకరణను జర్మన్ నుంచి అనువదించే క్రమంలో పుట్టిన పారిభాషిక పదమిది. అంతకుముందు వాడుకలో ఉన్న మాట ‘షోగా’. ‘షో’ అంటే రాత, ‘గా’ అంటే చిత్రం. ఒకే కుంచె, ఒకే సిరా, ఒకే కాగితం మీద వెలిసే ఈ రెండింటినీ ఒకే సమాసంలో చెప్పగలిగిన భాషకు, వాటిని విడదీయవలసిన అవసరం ప్రదర్శనశాల వల్ల వచ్చింది. (మన అరవైనాలుగు కళల పట్టికలో పుష్పాస్తరణానికి కూడా చోటుంది. ఆ పట్టికతో చూస్తే ఇకెబానా కళేనా అన్న సందేహమే రాదు. ‘కళ’ అన్న ఒక్క మాటతో ‘బిజుత్సు’ను అనువదించినప్పుడు ఈ తేడా తెలుగులో కనిపించకుండా పోతుంది.)

పాశ్చాత్య చిత్రలేఖనాన్ని మేజీ ప్రభుత్వం మొదట పరిశ్రమలకు పనికివచ్చే నైపుణ్యంగానే చూసింది. 1876లో కళాపాఠశాలను నెలకొల్పినది పారిశ్రామిక వ్యవహారాల మంత్రిత్వశాఖ కావడమే ఇందుకు నిదర్శనం. అక్కడ ఇటలీ చిత్రకారుడు ఆంతోనియో ఫొంతనేసి వద్ద నేర్చుకున్న కొయామా షోతారో 1882లో ‘లిపికళ కళ కాదు’ అనే వ్యాసం ప్రకటించాడు. రాత భాషకు సంకేతం మాత్రమేనని, దాని ఆకర్షణ రాసిన విషయంలో ఉంటుందని, దాన్ని ప్రోత్సహించడం వల్ల దేశానికి వాణిజ్య ప్రయోజనం లేదని అతని వాదన. అదే ఏడాది యువకుడైన ఒకాకురా కకుజో ఖండన రాశాడు. అక్షరాల తూకం, పుట మొత్తం మీద వాటి కూర్పు లిపికారుని సాధనకు గురి అవుతాయని చూపి, కళను లాభంతో కొలవడాన్నే అతడు తప్పుపట్టాడు.

వాదంలో ఒకాకురాది పైచేయి. ఆచరణలో మాత్రం గెలిచింది కొయామాయే. ఒకాకురా కృషితో ఏర్పడి 1889లో తరగతులు ప్రారంభించిన టోక్యో కళాపాఠశాలలో చిత్రలేఖనం, దారుశిల్పం, లోహం పని, లక్కపని ఉన్నాయి. లిపికళకు శాఖ లేదు. పాశ్చాత్య చిత్రలేఖనానికి కూడా అక్కడ 1896 దాకా ప్రవేశం దొరకలేదు. అక్కడ బోధించిన ‘నిహొంగా’, అంటే జపాన్ చిత్రకళ, పాశ్చాత్య చిత్రకళకు ప్రతిగా ఈ కాలంలోనే స్థిరపడిన భావన. సంప్రదాయం పేరుతో వచ్చినా అది మేజీ యుగపు కొత్త నిర్మాణమే.

సరిహద్దుకు ముందున్న కళ కలగలుపును శంకించలేదు. 1831 ప్రాంతంలో వెలువడిన హొకుసాయ్ ‘కనగావా పెద్ద అల’ను నేడు సంప్రదాయ జపాన్‌కు ప్రతీకగా చూపుతున్నారు. అందులోని గాఢనీలం బెర్లిన్‌లో పుట్టి దిగుమతిగా వచ్చిన రంగు. దూరాన ఫుజీ పర్వతాన్ని చిన్నదిగా చూపిన తీరులో ఐరోపా దృశ్యక్రమపు పరిచయం ఉంది. పైగా అది ఒక్కడి సృష్టి కాదు. చిత్రకారుడు గీసిన పలుచని కాగితాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అతికించి చెక్కేవాడు ఒకడు, రంగుకొక దిమ్మె వంతున అద్దేవాడు మరొకడు, పెట్టుబడి ప్రచురణకర్తది. అమ్మకం కోసం తయారైన ఈ సరుకు సంప్రదాయ కళగా గౌరవం పొందడం తరువాతి పరిణామం.

నిహొంగా కథకు తెలుగు నేలతోనూ సంబంధముంది. ఒకాకురా శిష్యులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సో సిరా రేఖను వదలి, గాలినీ వెలుగునూ రంగుల మసకతో పట్టడానికి ప్రయత్నించారు. స్వదేశంలోని విమర్శకులు దాన్ని ‘మొరోతాయ్’, అంటే అస్పష్ట శైలి, అని ఎగతాళి చేశారు. 1903లో ఈ ఇద్దరూ కలకత్తా వచ్చారు. తైకాన్ తడికుంచె పనిని గమనించిన అవనీంద్రనాథ్ ఠాగూర్, చిత్రాన్నే నీటిలో ముంచి రంగును పలుచబరిచే తన వాష్ పద్ధతిని రూపొందించుకున్నాడు. ఆ బెంగాల్ శైలిని ప్రమోద్ కుమార్ చటర్జీ మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలకు తెచ్చాడు. అడివి బాపిరాజు అక్కడ ఆయన శిష్యుడు. జపాన్‌లో సంప్రదాయ విరుద్ధమని నింద మోసిన పద్ధతి, మచిలీపట్నం చేరేసరికి స్వదేశీ కళకు గుర్తయింది. తెలుగు చిత్రకళా చరిత్రలో ఈ శైలిని బెంగాల్ వద్దే ఆపి చెప్పడం అసమగ్రం.

లిపికళ మాత్రం చాలాకాలం వేచి ఉండవలసి వచ్చింది. జాతీయస్థాయి ప్రదర్శన ‘నిత్తెన్’లో దానికి ప్రత్యేక విభాగం 1948లో దక్కింది. 1952లో మొరితా షిర్యూ, ఇనోవె యూయిచి తదితర ఐదుగురు క్యోటోలో ‘బొకుజిన్-కాయ్’ అనే సంఘాన్ని స్థాపించారు. అమెరికా నైరూప్య చిత్రకారుడు ఫ్రాంజ్ క్లైన్ చిత్రాన్ని మొరితా తన ‘బొకుబి’ పత్రిక తొలి సంచికలోనే ప్రచురించాడు. నైరూప్య చిత్రకళకు ఇంత చేరువైన తరువాత అక్షరంతో పని ఏమిటన్నది వారి ముందున్న అసలు ప్రశ్న. మొరితా అక్షరాన్ని వదలడానికి ఒప్పుకోలేదు. ఇనోవె కొంతకాలం అక్షరం కాని గీతలతో ప్రయోగాలు చేసి, తిరిగి అక్షరానికే వచ్చాడు. అలా వచ్చాక 1956లో రాసిన ‘గుతెత్సు’ అనే రెండక్షరాల కృతి మరుసటి ఏడాది బ్రెజిల్‌లోని సావో పాలో ద్వైవార్షిక ప్రదర్శనకు వెళ్లింది. అక్కడ దాన్ని చూసినవారిలో చాలామందికి ఆ లిపి చదవడం రాదు. కొయామా వాదన ప్రకారం వారికి అందులో చూడదగినది ఏదీ ఉండకూడదు.