సీసం సోకిన సెన్సార్

సాలూరు దాటాక సుంకి ఘాట్ మొదలవుతుంది. జయపురం వెళ్లే పెట్రోలు బండికి అసలు పరీక్ష అక్కడే. లోడుతో ఎక్కుతున్నప్పుడు సిలిండర్‌లో పెట్రోలు అదను తప్పి అంటుకుంటే ఇంజిన్ ఠకఠక కొడుతుంది. ఆ నాకింగ్‌ను ఆపడానికి థామస్ మిడ్జ్‌లీ 1921లో జనరల్ మోటార్స్‌లో టెట్రాఇథైల్ లెడ్‌ను పరీక్షించి చూపాడు. నాకింగ్ తగ్గింది. సీసం మాత్రం పొగతో బయటికొచ్చి పిల్లల రక్తంలోకి, మెదడులోకి చేరింది.

ఆక్సిజన్ సెన్సార్‌కూ సీసం విషమే. బాష్ తయారుచేసిన ఈ పరికరం 1976లో వోల్వో కార్లతో బయటికొచ్చింది. లోపల జిర్కోనియా పింగాణీ మొన, దానిపై పలుచని ప్లాటినం పూత. 300 డిగ్రీలు దాటి వేడెక్కాక, పొగలో ఆక్సిజన్ కరువైతే సుమారు 0.9 వోల్టులు, మిగిలితే 0.1 వోల్టు ఇస్తుంది. దాన్నిబట్టి కంప్యూటర్ పెట్రోలు కొలత మారుస్తుంది. ప్లాటినంపై సీసం పేరుకుంటే సంకేతం మందగిస్తుంది, కొలత తప్పుతుంది. మైలేజీ పడిపోతుంది. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌నూ అదే సీసం చంపేస్తుంది.

అందుకే మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కన్వర్టర్ ఉన్న కొత్త కార్లూ, సీసం లేని పెట్రోలూ కలిసి వచ్చాయి. ఆ కారు ఊరు దాటి సీసం పెట్రోలు పోయించుకుంటే కన్వర్టర్ పాడైనట్టే. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం ఆగింది. ప్రపంచంలో చివరగా 2021లో అల్జీరియా ఆపింది.

మరి ఇప్పుడు సెన్సార్లు పోవడం లేదా?

పోతున్నాయి. 2020లో బీఎస్‌-6 కాలుష్య నిబంధనలు వచ్చాక ద్విచక్ర వాహనాల సైలెన్సర్ పైపుల్లోకీ అవి చేరాయి. ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ చూపిన కోడ్‌ను నమ్మి కొత్త సెన్సార్ బిగించడం తేలిక. నిలకడ గల మెకానిక్ ముందు పాతదాన్ని విప్పి మొన చూస్తాడు. నల్లని మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. తెల్లని పొడి ఉంటే సిలికాన్ సీలెంట్ మీద అనుమానం. గోధుమరంగు పొర ఉంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. సీసమైతే బూడిదరంగులో మెరుస్తుంది.

ఈ చూపు వర్క్‌షాపుల్లో కుర్రాళ్లకు నేర్పాల్సిన పని. కారణం పట్టుకోకుండా బిగిస్తే కొత్త సెన్సార్‌కూ అదే గతి, ఆ ఖర్చు బండి యజమానిది.