పురుషవేషం, పురుషనామం: ‘గోన గన్నారెడ్డి’లో రుద్రమదేవి

స్త్రీ పురుషవేషం ధరించడాన్ని స్వేచ్ఛకు సంకేతంగా గ్రహించే పద్ధతి ఆధునిక విమర్శలో స్థిరపడింది. ఇందుకు ఫ్రెంచి సమాజం ప్రసిద్ధమైన ఉదాహరణ. స్త్రీలు పురుషుల దుస్తులు ధరించాలంటే పోలీసుల అనుమతి పొందాలని పారిస్‌లో 1800లోనే ఉత్తర్వు వెలువడింది. 1922లో వచ్చిన విక్టర్ మార్గెరిత్ నవల ‘లా గర్సోన్’లో నాయిక మోనిక్, కాబోయే భర్త చేసిన మోసం తెలిశాక జుట్టు కత్తిరించుకొని, మగవారి స్వేచ్ఛను తనదిగా చేసుకొంటుంది. ఈ నవల కారణంగా రచయిత ‘లెజియన్ ఆఫ్ ఆనర్’ గౌరవాన్ని కోల్పోయాడు. అక్కడ వేషం నాయిక స్వయంగా ఎంచుకొన్నది. ఇదే కొలమానంతో రుద్రమదేవిని అంచనా వేయవచ్చునా అన్నది విచార్యం.

అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’లో రుద్రమ పురుషవేషం ఆమె కోరుకొన్నది కాదు, కుమారులు లేని గణపతిదేవుడు రాజ్యరక్షణకై విధించినది. కనుక మోనిక్‌కు స్వేచ్ఛ అయిన వేషం రుద్రమకు కర్తవ్యం. బాపిరాజు ఈ భేదాన్ని గుర్తించాడు. అయితే ఆమె స్త్రీత్వాన్ని ప్రధానంగా చాళుక్య వీరభద్రునిపై అనురాగంలోనే చూపాడు. ఫలితంగా పాలన పురుషవేషానికీ, ప్రణయం స్త్రీహృదయానికీ చెందినవిగా విడిపోయాయి.

శాసనాలలో ఈ చీలిక కనిపించదు. అవి ఆమెను ‘రుద్రదేవ మహారాజు’ అని పేర్కొంటాయి. సింథియా టాల్బట్ ఆమెను ‘స్త్రీ రూపంలోని రాజు’గా వివేచించడానికి ఆధారం ఇదే. ఇక్కడ పురుషనామం ఆమె స్త్రీత్వాన్ని దాచే ముసుగు కాదు. రాజపదవికి ఉన్న వ్యాకరణం.

గోన వంశీయుల సీమ నుంచే మరొక ఉదాహరణ లభిస్తుంది. వీరి రాజధాని వర్ధమానపురం నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని నందివడ్డెమాను. ‘రంగనాథ రామాయణ’ కర్త గోన బుద్ధారెడ్డి కుమార్తె కుప్పాంబిక. ఆమె 1276 నాటి బూదపురం శాసనం భర్త మల్యాల గుండనాథుని పేర గుండేశ్వరుని ప్రతిష్ఠించిన విషయాన్ని తెలుపుతుంది. ఆమె పురుషవేషం వేయలేదు, పురుషనామం ధరించలేదు. అయినా ఆమె కీర్తి భర్త పేరుతోనే నిలిచింది. ఒకరికి సింహాసనం, మరొకరికి ధర్మకార్యం పురుషనామం ద్వారానే సిద్ధించాయి.

కనుక స్త్రీ ఏ వేషం ధరించిందన్నదాని కంటే ఎవరి పేరుతో అధికారం వహించిందన్నదే విమర్శకు మౌలికమైన ప్రశ్న. ‘గోన గన్నారెడ్డి’ని ఈ దృష్టితో చదివినప్పుడు, అది స్వేచ్ఛాగాథగా కాక, ఆ స్వేచ్ఛకు వంశధర్మం విధించిన హద్దులను తెలియకుండానే నమోదు చేసిన రచనగా కనిపిస్తుంది.