ఉద్దానం ఇసుకమీద గెంతుల కసరత్తు

మోకాళ్లు వంచి కాసేపు ఆగి ఎగిరినప్పటికంటే, వంచిన ఊపులోనే ఎగిరినప్పుడు ఎవరైనా ఎక్కువ ఎత్తుకు లేస్తారు. వంగేటప్పుడు సాగిన తొడ, పిక్కల కండరాలూ, వాటిని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులూ ఆ సాగుదలలో దాచుకున్న శక్తిని వెంటనే తిరిగివ్వడం ఇందుకు ఒక కారణం. ఈ సూత్రాన్ని ఆధారం చేసుకొని సోవియట్ శిక్షకుడు యూరి వెర్ఖోషాన్‌స్కీ 1960లలో, ఎత్తునుంచి దిగి పాదం నేలను తాకీ తాకగానే పైకెగిరే అభ్యాసాన్ని రూపొందించాడు. ఈ తరహా కసరత్తులకు ప్లయోమెట్రిక్స్ అన్న పేరు 1975లో అమెరికా శిక్షకుడు ఫ్రెడ్ విల్ట్ ద్వారా వచ్చింది.

వేగమైన గెంతుల్లో పాదం నేలమీద సెకనులో నాలుగోవంతుకు మించి నిలవకూడదు. అలసిన కాలు నేలను త్వరగా వదలలేదు కనుక, ఒళ్లు హూనమయ్యేదాకా గెంతడం ఈ సాధనకే విరుద్ధం. కొత్తవారికి ఒక పూట 80 నుంచి 100 గెంతులు చాలు, మళ్లీ గెంతడానికి కనీసం 48 గంటల విరామం కావాలి.

దీనికి పునాది కాళ్ల బలం. ఆ విషయంలో సిక్కోలు (శ్రీకాకుళం) సీమకు మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడి కాలంనుంచీ పేరుంది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. బరువును ఒకే ఊపులో తలపైకెత్తే స్నాచ్‌లో బార్ మోకాళ్లు దాటగానే లిఫ్టర్ మోకాళ్లు మరోసారి కొద్దిగా వంగి, మరుక్షణమే బలంగా చాచుకుంటాయి. మామూలు కంటికి అందని ఆ చిన్న వంపులో పనిచేసేది పైన చెప్పిన సూత్రమే.

సైన్యం ఎంపికల్లో 9 అడుగుల గుంటనూ, పోలీసు కానిస్టేబుల్ పరీక్షలో 3.80 మీటర్ల దూరాన్నీ దూకవలసిన, శ్రీకాకుళం తీరప్రాంతమైన ఉద్దానం యువకులకు ఈ విద్య నేరుగా అక్కరకొస్తుంది. బారువ, వజ్రపుకొత్తూరు తీరాల్లోని ఇసుక దిగేటప్పటి అదురును మింగేస్తుంది, మరునాటి కండరాల నొప్పినీ తగ్గిస్తుంది. కానీ కాలికింద జారిపోయే ఇసుక సాగుదలలో దాగిన శక్తినీ కొంత హరిస్తుంది, పాదం నిలిచే కాలాన్నీ పెంచుతుంది. అందుచేత మోకాళ్లు లోపలికి ఒరగకుండా, చప్పుడు లేకుండా దిగడం ముందు ఇసుకలో నేర్చుకొని, ఆపై అలలు తడిపిన గట్టి ఇసుకమీదికీ, చివరికి పలాస, టెక్కలి మైదానాల గడ్డినేలమీదికీ మారడమే సరైన క్రమం.

ఈ ప్రాంతంలో మరో జాగ్రత్త తప్పనిసరి, దీన్ని శిక్షకులు మొదటిరోజే చెప్పాలి. దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీసిన ఉద్దానంలో ఆ వ్యాధికి కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. అయితే నీరు తగ్గిన ఒంట్లో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పిమాత్రలు మూత్రపిండాలను దెబ్బతీయగలవన్నది వైద్యశాస్త్రం తేల్చిన విషయం. గెంతిన మరునాడు పిక్కలు పట్టేస్తే మందులషాపు మాత్రకు చేయి చాచకుండా విశ్రాంతి తీసుకోవాలి. సాధనను పొద్దు ఎక్కకముందే ముగించి, దాహం వేయకముందే నీళ్లు తాగాలి. నొప్పి రెండు మూడు రోజులైనా తగ్గకపోతే వైద్యుణ్ణి సంప్రదించాలి.