పుయు గృహత్యాగము

గోపీనాథ మహాంతి ‘అమృతర సంతాన’ నవల (కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1955) అరకులోయ కావలనున్న కోరాపుట్టు కొండలలోని ఖోందుల కథ. ఆ కొండలును 1936 వఱకు విశాఖపట్టణ మండలములోనివే కనుక తెలుగు విమర్శకు అది పరాయి నేల కాదు.

గ్రామనాయకుడగు దివుడు పియొటిపై మనసుపడును. భార్య పుయు పసిబిడ్డ నెత్తుకొని యిల్లు విడుచును. కొండజాతులలో వివాహబంధము సడలించుకొనుట సులభము గదా, ఇందు తెగువ యేమున్నదని కొంద ఱనవచ్చును. మే మంగీకరింపము. భర్త మఱియొకతెను తెచ్చుకొనుటకు వీలిచ్చిన యాచారమే భార్య పోవుటకును వీలిచ్చినది. అది పొమ్మనదు, ఉండుమనదు. ఉండుమనునవి వేఱు: నాయకుని యిల్లాలను పేరు, అలవడిన పొయ్యి, బిడ్డకు తండ్రి. నిషేధము లేనిచోట నిర్ణయభార మంతయు ఆమె యొక్కతెమీదనే పడినది. ఈ బరువును గుర్తింపక గిరిజనుల ‘స్వేచ్ఛ’ను కొనియాడుట పల్లపువారి ముచ్చట మాత్రమే.

ఈ కొండల దిగువ విజయనగరమున గురజాడ సృష్టించిన పూర్ణమ్మకు పోవుటకు దారియే లేదు. ముదుసలి కిచ్చిన తండ్రి నామె యెదిరింపలేదు. మనసు చంపుకొని కాపురమునకును పోలేదు. కొలనే గతియైనది. అచట మనము నిందింపవలసినవారు స్పష్టముగా కనుపింతురు: తండ్రి, కన్యాశుల్కము, ఊరు. పుయు విషయమున నట్లు వ్రేలు చూపుటకు వీలులేదు. దివుడు సయితము తన మనసుమాటనే విన్నవాడు గదా!