పది నిమిషాల వరద

మలికిపురంలో ఆదివారం మటన్ కొట్టు ముందు నిలబడితే పొట్టేలు వాటాలుగా కనిపిస్తుంది: తొడ కండ, కార్జం, బోటి. ప్రాణంతో ఉన్నప్పుడు వీటిలో ఏది ఎంత వేగంగా కొత్త ప్రోటీన్ కట్టుకుంటుంది? తూకం వేస్తే తెలియదు. ఎదిగిన గొర్రె పేగు నిన్న ఎంత బరువో ఇవాళా దాదాపు అంతే. లోపల మాత్రం పాతది కరుగుతూ, కొత్తది పుడుతూ ఉంటుంది. ఆ పుట్టుకను ఒక్కదాన్నే విడదీసి కొలిచిన పద్ధతిని చూస్తే పనితనమంటే ఇదీ అనిపిస్తుంది నాకు.

సూత్రం తేలికే. ఒక అమైనో ఆమ్లానికి రేడియోధార్మిక గుర్తు పెట్టి రక్తంలోకి ఎక్కించి, కాసేపాగి, ప్రోటీన్‌లోకి ఎంత గుర్తు చేరిందో చూడాలి. మరి చేరినదాన్ని దేనితో భాగించాలి? రక్తంలో గుర్తు పాలు ఒకటి, కణంలో ఇంకొకటి. పాత ప్రోటీన్ కరిగి వచ్చిన గుర్తులేని సరుకు లోపల కలిసిపోతుంది. ప్రోటీన్ కట్టే రైబోజోమ్ ఏ మడుగులోంచి తోడుకుంటుందో తేల్చడం కష్టం. భాజకం మారితే జవాబే తారుమారు. గంటల తరబడి సెలైన్‌లా ఎక్కించే పాత పద్ధతిలో ఇంకో తంటా: కార్జం తయారుచేసిన అల్బుమిన్ అనే ప్రోటీన్ ఆలోపే రక్తంలోకి వెళ్లిపోతుంది.

1980లో పీటర్ గార్లిక్, మార్గరెట్ మెక్‌నర్లన్, విక్టర్ ప్రీడీ ఎలుకల మీద చూపిన ఉపాయం ముచ్చటైనది. ఏ మడుగో వెతకడమే మానేశారు. గుర్తున్న ఫినైల్అలనిన్ అనే అమైనో ఆమ్లంలో గుర్తులేనిది విపరీతంగా కలిపి ఒక్కసారే ఎక్కించారు. 1986 ఆగస్టు గోదావరి వరదకు మన లంకల్లో కాలువ, చెరువు, చేను అన్న తేడా చెరిగిపోయినట్టే, రక్తంలోనూ కణంలోనూ గుర్తు పాలు ఇంచుమించు ఒకటైపోయింది. ఇక భాజకం గురించి తగువు లేదు.

తర్వాతి పనంతా చేతి నేర్పు. పది నిమిషాలకు కణజాలం తీసి చల్లార్చాలి. చల్లబడే క్షణం దాకా గడియారం నడుస్తున్నట్టే లెక్క. పెర్‌క్లోరిక్ ఆమ్లంలో మెత్తగా నూరితే ప్రోటీన్ అడుగుకు దిగుతుంది, విడి అమైనో ఆమ్లం పైన తేటలో మిగులుతుంది. ఆ మడ్డిని మళ్లీ మళ్లీ కడగాలి. వచ్చింది వరద కదా, కొంచెం అంటుకుని ఉన్నా ప్రోటీన్‌లో లేని గుర్తు ఉన్నట్టు కనబడుతుంది. ఆపైన గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 110 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉడికించి గొలుసులు తెంపాలి. చివర్లో ఒక బాక్టీరియా ఎంజైమ్‌తో ఫినైల్అలనిన్‌ని ఫినెథిలమిన్‌గా మార్చి సేంద్రియ ద్రావణిలోకి లాగుతారు. నాకు అన్నిటికన్నా నచ్చిన మెట్టు ఇదే.

ఎలుక నుంచి గొర్రెకు రావడం మరో పరీక్ష. ఎలుకకు 100 గ్రాముల బరువుకు 150 మైక్రోమోల్‌లు, 1 మి.లీ. ద్రావణంలో. అదే లెక్కన 30 కిలోల గొర్రెకు 300 మి.లీ., అందులో ఏడు గ్రాముల పైచిలుకు ఫినైల్అలనిన్, అదీ ఒక్క ఊపులో! నీళ్లు తగ్గిద్దామంటే అది అంతకన్నా పెద్దగా కరగదు. ఫ్రాన్స్‌లో దిదియే అతే బృందం 1986లో గొర్రెపిల్లలకు వేలిన్ అనే మరో అమైనో ఆమ్లంతో ఈ పని చేసింది. వేలిన్ నీళ్లలో ఇంకా బాగా కరుగుతుంది.

ఇలాంటి కొలతల్లో పేగు, కార్జం చాలా ముందుంటాయి, కండ వెనక. కొట్టులో చవగ్గా దొరికే బోటి గొర్రెకు మాత్రం మహా ఖరీదైన సరుకు: ఒంట్లో దాని వాటా చిన్నది, రోజువారీ ప్రోటీన్ తయారీలో పెద్దది. మేసిన మేతలో కొంత భాగం పేగు మరమ్మతుకే పోతుంటే, కండ పట్టడానికి మిగిలేది ఎంతో లెక్కగట్టాలన్నా ఈ కొలతే ఆధారం.

పద్ధతిని తప్పుపట్టేవాళ్లూ ఉన్నారు. అంత మోతాదు ఎక్కిస్తే ప్రోటీన్ తయారీ వేగమే మారిపోదా అన్నది వాళ్ల ప్రశ్న. లూసిన్ అనే అమైనో ఆమ్లం విషయంలో అది గట్టి ప్రశ్నే, ఎందుకంటే కండలో ఆ తయారీని లూసిన్ స్వయంగా ఎగదోస్తుంది. మరోవైపు, రేడియోధార్మికత అక్కర్లేని బరువైన కార్బన్, డ్యుటీరియం గుర్తులూ, వాటిని పట్టే మాస్ స్పెక్ట్రోమీటర్లూ వచ్చాక, చిన్న ముక్క మాత్రమే తీసి గొర్రెను బతకనివ్వడానికీ వీలు కలిగింది.