ముందు చోటు, తర్వాతే యాంటెన్నా

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్లకు 61 రోజుల వేట నిషేధం. ఆ రోజుల్లో మంగళగిరి నుంచి తెనాలి, రేపల్లె మీదుగా నిజాంపట్నం రేవుకు వెళ్లి చూడండి, పని ఆగినట్టే ఉండదు. బోట్లు గట్టెక్కుతాయి. వడ్రంగులు పలకల సందులు పూడుస్తుంటారు, ఇంజన్లు విప్పి సర్దుతుంటారు, రంగులు వేస్తుంటారు. క్యాబిన్ కప్పు మీద ఉపగ్రహ యాంటెన్నా అమర్చుకోవడానికి ఏడాదిలో ఇంతకు మించిన అదను దొరకదు.

నిజాంపట్నం పాత రేవు. ఐరోపా వర్తకులు పెటపోలి అని పిలిచింది దీన్నే. 1611లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ ఇక్కడికి వచ్చింది. ఓడ మీద ఏ వస్తువు ఎక్కడ ఉండాలన్నది అప్పటికే ముదిరిన విద్య. దీపం ఎక్కడ కడితే నాలుగు దిక్కులకూ కనిపిస్తుంది, తెరచాప ఎటు తిరిగితే దానికి అడ్డం వస్తుంది, ఇలాంటివన్నీ నావికులు ఆలోచించే కట్టేవారు. ఈనాటి యాంటెన్నా అడిగేదీ అదే ప్రశ్న. అందుకే దీన్ని ఎలక్ట్రానిక్స్ పనిగా కాక ఓడపనిగా చూడాలంటాను.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తెలిసిన తీరం మనది. నడిసంద్రం నుంచి ఒడ్డుకు మాట పంపే సాధనం ఆనాటి చిన్న పడవల్లో ఉండేది కాదు. ఇప్పుడు ఉంది. ఇస్రో తయారుచేసిన ఆపద సంకేత యంత్రం 2010 నుంచి వాడుకలో ఉంది. 2024 ఆగస్టు 30న మొదలైన కేంద్ర పథకం కింద 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష బోట్లకు ఉపగ్రహం ద్వారా కబుర్లు నడిపే ట్రాన్స్‌పాండర్లు అమర్చాలని లక్ష్యం. తుపాను హెచ్చరిక బోటులోని ఫోనుకు తెలుగులో అందుతుంది, బోటు నుంచి కబురు ఒడ్డుకు చేరుతుంది. కాని యాంటెన్నాకు ఆకాశం కనిపించకపోతే ఇదంతా వృథా.

ఆకాశంలో ఏ భాగం కావాలో ముందు తెలుసుకోవాలి. 2015 ఆగస్టు 27న శ్రీహరికోట నుంచి వెళ్లిన, ఆ కబుర్లు మోసే ఉపగ్రహం జీశాట్-6 భూమధ్యరేఖకు పైన, 83 డిగ్రీల తూర్పు రేఖాంశంలో, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంది. నిజాంపట్నం నుంచి లెక్క కడితే అది దక్షిణానికి కాస్త తూర్పుగా, దిగంతం నుంచి దాదాపు 71 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. నార్వే తీరపు ఓడకు ఇలాంటి ఉపగ్రహాలు ఇరవై డిగ్రీలకు అటూ ఇటుగానే కనిపిస్తాయి. ఆ లెక్కన మనం అదృష్టవంతులం. అయినా అలల మీద బోటు 30 డిగ్రీలు ఒరిగితే, నెత్తిన ఉన్న ఉపగ్రహం కూడా యాంటెన్నాకు పక్కకు జారినట్టే. బోటు ఏ దిక్కుకు తిరిగినా, ఎంత ఊగినా అడ్డు ఉండకూడదు. పెద్ద ఓడల్లో ఇన్మార్‌శాట్-సి యాంటెన్నాకు అంతర్జాతీయ మార్గదర్శకాలు ముందూ వెనకా దిగంతానికి 5 డిగ్రీలు, పక్కలకు 15 డిగ్రీలు కిందివరకు ఖాళీ కోరడం అందుకే. మీటరు లోపల ఉన్న సన్నని గొట్టం కూడా దానికి అడ్డే.

ఇక బోటు మీద చోటు వెతుకుదాం. స్తంభం కొస ఎత్తుగా ఉంటుంది గనుక అక్కడే పెడదామనిపిస్తుంది. కాని పిడుగుకూ మొదట దొరికేది ఆ కొసే. ఊపు, ఇంజను అదురు కూడా అక్కడే ఎక్కువ. పొగగొట్టం పక్కన మసి, వేడి. రాడార్ ఉంటే దాని పుంజానికి ఎదురుగా పెట్టకూడదు. దిక్సూచికీ, వైర్‌లెస్ కర్రకూ ఎడం ఉంచాలి. బోటు వెనక వలను లాగే ఇనుప చట్రం, తీగతాళ్లు ఉంటాయి. ఇవన్నీ తీసేస్తే ఎక్కువ బోట్లలో మిగిలేది క్యాబిన్ కప్పు ముందుభాగం, అక్కడ పాతిన పొట్టి గొట్టం. వేటకు పోయినప్పుడు తడి వలలూ టార్పాలిన్లూ విసిరేది కూడా ఆ కప్పు మీదకే! ఏ సామాను ఎక్కడ పడుతుందో సరంగుకూ కలాసీలకూ తెలుసు, బిగించడానికి వచ్చిన కుర్రాడికి తెలియదు.

చోటు ఖాయమనుకున్నాక కూడా వెంటనే రంధ్రం వేయకూడదు. బోటు నీళ్లలోకి దిగాక యాంటెన్నాను తాత్కాలికంగా తాడుతో కట్టి, మొగలో నిదానంగా ఒక పూర్తి చుట్టు తిప్పాలి. ఒకరు చుక్కాని పట్టాలి, ఒకరు సంకేతం చూస్తూ ఎక్కడ తగ్గిందో పైకి చెప్పాలి. వల పైకెత్తి ఉన్నప్పుడు మరో చుట్టు. సంకేతం ఎక్కడ పడిపోతే అక్కడ తలెత్తి చూస్తే అడ్డు ఏమిటో కంటికే కనిపిస్తుంది. జానెడు పక్కకు జరిపితే చాలాసార్లు సరిపోతుంది.

ఆ తర్వాత పాదు. మంగళగిరిలో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించిన పదకొండు అంతస్తుల గాలిగోపురం కట్టాక ఒరిగిందనీ, ఎదురుగా కోనేరు తవ్విస్తే సరయిందనీ చెప్పుకుంటారు. ఎత్తయినది ఏదైనా నిలిచేది కింద ఉన్న దాని బలంతోనే, యాంటెన్నా కూడా అంతే. ప్లైవుడ్ మీదే బిగిస్తే ఒక్క వేటకే వదులవుతుంది. కింద వాసం ఎక్కడుందో తట్టి చూసి, కప్పు వంపుకు తగ్గట్టు చెక్కిన దిమ్మె వేసి, లోపల వెడల్పాటి వాషరు పెట్టి పైనుంచి కిందికి దూరేలా బోల్టు వేయాలి. ఫైబర్ బోటయితే లోపల చెక్క పలక తప్పనిసరి. ఇనుపదయితే వెల్డింగ్ మచ్చ తుప్పు పట్టకముందే ప్రైమర్ పూయాలి. అల్యూమినియానికి స్టీలు నేరుగా తగిలితే ఉప్పునీరు ఆ కీలును తినేస్తుంది, మధ్యన రబ్బరో ప్లాస్టిక్కో ఉండాలి.

కేబుల్ సంగతి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. లోపలికి పోయే ముందు దాన్ని కిందికి ఒక వంపు వదిలితే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది, లేకపోతే తీగ వెంట నేరుగా పెట్టెలోకి దిగుతుంది. కనెక్టరు మీద రబ్బరు టేపు సాగదీసి చుట్టాలి. పొడవు చాల్లేదని అతుకు వేస్తే సంకేతం అక్కడే నీరసిస్తుంది.

విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారై 2021 సెప్టెంబరు 10న నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ ధ్రువ్ మీద పెద్ద యాంటెన్నా గోళాలు కనిపిస్తాయి. ఆ యాంటెన్నాల కోసమే పుట్టిన ఓడ అది, వాటి చోటు నమూనా గీసిన రోజునే నిర్ణయమవుతుంది. మన మరబోటుకు ఆ సౌకర్యం లేదు. వలకోసం కట్టిన బోటులో తర్వాత వచ్చిన వస్తువుకు చోటు వెతకాలి. నా దృష్టిలో ఇదే ఎక్కువ నేర్పు అడిగే పని, దానికి తగిన మర్యాదా కూలీ ఇంకా దక్కడం లేదు.

బోటు యజమానులకు ఒక మనవి. వచ్చే నిషేధ కాలంలో యాంటెన్నా బిగించుకునేటప్పుడు సరంగునూ వడ్రంగినీ పక్కన నిలబెట్టుకోండి. ఒక చుట్టు తిప్పి చూడనిదే డ్రిల్లు పట్టనివ్వకండి. రంగులు వేసేవాళ్లకు కూడా ముందే చెప్పండి, యాంటెన్నా తెల్లని మూత మీద వెండిరంగు పూస్తే అందులోని లోహపు పొడి సంకేతాన్ని అడ్డుకుంటుంది.