బోర్డు పోయినా డిస్కుంది

డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు పోతే చాలామంది కొత్త పెట్టె కొని, లినక్స్‌ని మళ్ళీ మొదట్నుంచీ ఎక్కిస్తారు. నాకది నచ్చదు. ఏళ్ల తరబడి కుదుర్చుకున్న కీబోర్డు లేఅవుట్లు, ఫాంట్లు, చిన్నాచితకా స్క్రిప్టులు అన్నీ ఆ పాత డిస్కులోనే ఉన్నాయాయె. దాన్నే విప్పి కొత్త మెషిన్‌లో బిగిస్తే పోలా?

చాలాసార్లు పని జరిగిపోతుంది కూడా. లినక్స్ కెర్నల్ ఒకే బోర్డుకు కొలతలిచ్చి కుట్టించిన చొక్కా కాదు. డ్రైవర్లు చాలావరకు మాడ్యూళ్లుగా డిస్కులోనే ఉంటాయి. బూటైన ప్రతిసారీ ఎదురుగా ఏ హార్డ్‌వేర్ ఉందో చూసుకుని, కావలసినవే లోడ్ చేసుకుంటుంది. ఇంటెల్ పెట్టెలోంచి తీసి ఏఎండీలో పెట్టినా సాధారణంగా ఫరవాలేదు. ఫెడోరా మాత్రం కాస్త పిసినారి. బూట్ మొదట్లో లోడయ్యే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో పాత మెషిన్‌కి అవసరమైన డ్రైవర్లే సర్దుకుని ఉంటుంది. దాంతో కొత్త మెషిన్‌లో బూట్ మధ్యలో ఆగిపోతే, బూట్ మెనూలో ఉండే 'రెస్క్యూ' ఎంట్రీ అక్కరకొస్తుంది.

అసలు తంటా అంతకన్నా ముందే వస్తుంది. బూటయ్యే డిస్కే లేదని కొత్త మెషిన్ మొరాయిస్తే డిస్కుని తిట్టకండి. యూఈఎఫ్ఐ పద్ధతిలో 'ఫలానా డిస్కులో ఫలానా ఫైలు నడుపు' అనే ఎంట్రీ మదర్‌బోర్డు మెమరీలో ఉంటుంది. పాత బోర్డుతోపాటే అదీ పోయింది. ఎంట్రీ లేనప్పుడు కొత్త బోర్డు ఈఎఫ్ఐ పార్టిషన్‌లో 'బూట్' ఫోల్డర్ తెరిచి, 'బూట్ఎక్స్64' అనే ఫైలు కోసం చూస్తుంది. అదీ లేకపోతే లైవ్ యూఎస్‌బీతో లోపలికెళ్లి ఎంట్రీ రాయాల్సిందే.

తర్వాతవి చిల్లర తగాదాలు. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో యూయూఐడీ ఉంటే సరే. 'ఎస్‌డీఏ1' అని చేత్తో రాసుంటే, కొత్త పెట్టెలో అప్పటికే ఇంకో డిస్కుంటే మనది ఎస్‌డీబీ అయి కూర్చోవచ్చు. నెట్‌వర్క్ కార్డు పేరు స్లాటును బట్టి వస్తుంది కాబట్టి, పాత పేరు మీద ఇచ్చిన స్టాటిక్ ఐపీ పనిచేయకపోవచ్చు. ఎన్విడియా కోసం రాసుకున్న ఎక్స్‌ఆర్గ్ ఫైలుంటే, లేని కార్డు కోసం వెతుక్కుంటూ డెస్క్‌టాప్ పైకి రాదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి లాగినై, ఆ ఫైలు పేరు మార్చి రీబూట్ చేస్తే చాలు.

డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేసి తాళం టీపీఎమ్ చిప్పుకు అప్పగించినవాళ్లు మాత్రం స్క్రూడ్రైవర్ పట్టేముందే పాస్‌ఫ్రేజ్‌గానీ రికవరీ కీగానీ ఉందో లేదో చూసుకోండి. ఆ చిప్పు డిస్కుతో రాదు.